ఏమని పాడమంటావన్నా

అలాయ్ లోయలో ఒక ఊరు. తోప్చుబాయ్ వాకిట్లో చావు గుడారం లేచింది. లోపల శవం లేదు.

"ఎవరు వెయ్యమన్నారు పెద్దాయనా ఈ గుడారం?"

"నా వాకిలి, నా గుడారం. మా నాన్న పోయినప్పుడు వేశాం, మా అమ్మ పోయినప్పుడు వేశాం. ఇప్పుడు కొడుకు పోయాడు, వేశాం. దీనిక్కూడా మీ ప్రత్యేక విభాగం పర్మిషన్ కావాలా, మేజర్?"

"అది కాదు. శవం వస్తుందని మీకెవరైనా చెప్పారా?"

"రాకపోతే ఎక్కడికి పోతుంది? దానికేమైనా కాళ్ళున్నాయా?"

"తోప్చుబాయ్ గారూ..."

"కూర్చో. చావింట్లో నిలబడి మాట్లాడకూడదు. మీ అమ్మ నేర్పలేదా? ఇదిగో, టీ."

"నేర్పింది. కప్పు నిండా పోశారేంటి?"

"పోశాను."

"నిండా పోస్తే, తాగేసి లేచి వెళ్ళమనేగా."

"పర్లేదే. సిటీకి పోయినా మర్చిపోలేదు."

"వెళ్తాను. చెప్పాల్సింది చెప్పి వెళ్తాను. ఆ కర్రలు పట్టుకుని నిలబడ్డవాళ్ళెవరు?"

"నా తమ్ముళ్ళు, మేనల్లుళ్ళు. గుడారం బయట మగవాళ్ళు కర్రమీద వాలి ఏడవాలిగా. పొద్దుట్నుంచీ అట్లాగే నిలబడ్డారు పాపం. ఏడవాలో వద్దో తెలీట్లేదు వాళ్ళకి. గేటు చప్పుడైతే ఒకడు మొదలెడతాడు, ఇంకొకడు ఆగరా ఆగరా అంటాడు. నువ్వు కారు దిగినప్పుడు వినలేదూ?"

"విన్నాను. ఇళ్ళకి పంపెయ్యండి వాళ్ళని."

"ఎందుకు?"

"శవం రాదు."

"మళ్ళీ అదే మాట!"

"మీరు పాతికేళ్ళు సైన్యంలో చేశారు. సుబేదారుగా రిటైరయ్యారు. చట్టం నేను చెప్పాలా మీకు? ఉగ్రవాది శవాన్ని ఇంటివాళ్ళకివ్వరు. ఎక్కడ పూడ్చారో తల్లికి కూడా చెప్పరు. పైన గుర్తు కూడా పెట్టరు."

"ఉగ్రవాది శవం కదా? అది నాకెందుకు? నేనడిగేది నా కొడుకు ఎర్మెక్ శవం."

"మీ ఎర్మెక్ తోటి సైనికుల్ని ముగ్గుర్ని కాల్చేశాడు పెద్దాయనా. కొండమీది చౌకీలో, పొద్దున్నే, వంటపాక దగ్గర. బురుజుమీద కాపలావాడు చూసి వీణ్ణి కాల్చాడు. ఇందులో ఎవరికీ అనుమానం లేదు."

"నాకూ లేదు. కాల్చాడు. చంపాడు. హంతకుడని అను, పడతాను. హంతకుడి తండ్రీ అని నా ముఖం మీద ఉమ్మెయ్యి, తుడుచుకుంటాను. హంతకుడి శవం ఇస్తారుగా?"

"ఇస్తారు."

"మరి హంతకుడని రాయి."

"రాయడం నా చేతిలో..."

"నీ చేతిలో కాకపోతే ఎవరి చేతిలో ఉంది? పెన్ను జేబులో పెట్టుకొచ్చింది ఎవరు? సరే, ఒకటి చెప్పు. చదువుకున్నవాడివి. అసలు ఉగ్రవాదం అంటే ఏంటి?"

"జనాన్ని భయపెట్టడానికి, ప్రభుత్వం మెడలు వంచడానికి చేసే హింస. చట్టంలో ఇంకా పొడుగ్గా ఉంటుంది. సారం ఇదే."

"జనమా? ఆ కొండమీద జనమెక్కడున్నారయ్యా? కొండమేకలున్నాయి. అవి భయపడ్డాయా? ప్రభుత్వం మెడ వంచిందా? ఆ సాయంత్రం టీవీలో గుర్రప్పందాలు వేశారు. చూశాను నేను."

"చచ్చినవాళ్ళు ప్రభుత్వం తరఫున తుపాకీ పట్టినవాళ్ళు."

"మావాడు పట్టింది ఎవరి తరఫున? తుపాకీ మీది, గుళ్ళు మీవి, కాళ్ళకి బూట్లు మీవి. ఏమైనా అడిగాడా మావాడు? ఫలానావాణ్ణి వదిలెయ్యండి, ఫలానా చట్టం మార్చండి, అన్నాడా?"

"ఏమీ అనలేదు."

"జెండా పట్టాడా? వీడియో తీసి ఎవరికైనా పంపాడా?"

"లేదు."

"మరి?"

"మరి... అందుకే వచ్చాను. నోరు విప్పకుండా చంపినవాడికి ఏ పేరు పెట్టాలో తెలీక వచ్చాను. చంపినప్పుడు మనసులో ఏముందో దాన్నిబట్టే పేరు. పగతో చంపితే హత్య. హింస భరించలేక తిరగబడితే సైనిక నేరం. వీళ్ళు మనవాళ్ళు కారు, వీళ్ళ రక్తం చిందిస్తే పుణ్యం, అనుకుని చంపితే ఉగ్రవాదం. తూటా మాత్రం ఒకటే."

"మనసులోకి దూరి చూశారా మీరు?"

"చూళ్ళేదు. చూసే దారి మీరొక్కరే."

"మీ కల్నల్ ఏమంటున్నాడు?"

"ఉగ్రవాదమే అంటున్నాడు."

"అనడూ మరి! బయటినుంచి ఎవడో మావాడి బుర్రలో విషం పోశాడంటే కల్నల్ కుర్చీ కదలదు. చౌకీలో కుర్రాళ్ళు ఒకణ్ణొకడు గొడ్డుని బాదినట్టు బాదుకుంటుంటే చూస్తూ కూర్చున్నాడంటే, ముందు కల్నలే లోపలికి పోతాడు. ఆయన కుర్చీ కోసం నా కొడుకు ఉగ్రవాది కావాలి. అంతేగా?"

"ఆయన సంగతి మీరు చెప్పింది నిజమే. కానీ నేను కల్నల్ మనిషిని కాను. డ్రైవర్ని రోడ్డుమీదే ఆపి ఒక్కణ్ణే నడిచొచ్చాను, చూశారుగా."

"చూశాను... ఆ కప్పు ఇటివ్వు."

"ఎందుకు?"

"పారబోసి సగమే పోస్తాను. కూర్చో."

"థాంక్స్ పెద్దాయనా. బజార్లో మీరొక మాట అన్నారట. మీవాణ్ణి చౌకీలో కొట్టేవాళ్ళని. మా ఆఫీసుదాకా వచ్చింది."

"అన్నాను. అంటే తప్పా?"

"తప్పని కాదు. నిజమైతే నాకు అదే కావాలి. కొట్టేవాళ్ళా?"

"కొట్టేవాళ్ళు."

"ఫోన్లో చెప్పాడా?"

"మగపిల్లాడు ఫోన్లో చెప్పుకుంటాడా? నేనే చూశాను. మా అమ్మ పోయినప్పుడు సెలవుమీద వచ్చాడుగా. గడ్డి కోతలప్పుడు. స్నానానికి చొక్కా విప్పితే వీపంతా నల్లగా కమిలిపోయుంది."

"డాక్టరు శవం మీద పాత దెబ్బలేమీ లేవన్నాడు."

"కోతలనాటి కమిలిన మచ్చ చలికాలం పోయేదాకా ఉంటుందా? నువ్వెప్పుడూ దెబ్బలు తిన్లేదా సైన్యంలో?"

"తిన్నాను. కొత్తలో."

"నేనూ తిన్నాను. తర్వాత కొట్టాను కూడా. అందరం అంతే. ఎవడో ఒకడు తట్టుకోలేడు. వాడు నా కొడుకయ్యాడు. రాసుకో."

"ఎవరు కొట్టారు?"

"అందరూ."

"అందరూ అంటే కుదరదు. పేరు కావాలి. పేరు లేకుండా రాస్తే కల్నల్ చదవను కూడా చదవడు."

"పేరు..."

"ఎర్మెక్ ఎవరి పేరూ చెప్పలేదా?"

"చెప్పాడు. సంజార్."

"ఏ సంజార్?"

"ఎంతమందున్నారు మీ చౌకీలో సంజార్‌లు?"

"ఒక్కడే. ఉండేవాడు. చచ్చిన ముగ్గురిలో ఒకడు."

"వాడే."

"ఆ కుర్రాడా? ఆ కుర్రాణ్ణి చౌకీలో అందరూ మంచోడనే చెప్పారే."

"చచ్చినవాణ్ణి ఎవరైనా చెడ్డవాడంటారా?"

"మీరంటున్నారుగా. కోపం తెచ్చుకోకండి. నాకొకటి కొరుకుడు పడట్లేదు. ఆ రోజు గురువారం. సంజార్ వంటపాకలో చచ్చిపోయిన పెద్దల కోసం బోర్సోకులు వేయిస్తున్నాడు. మిగిలిన ఇద్దరూ పక్కన కూర్చుని పిండి ముక్కలు కోస్తున్నారు."

"గురువారం ఎవరు వేయించరు? వేగే వాసన ఆత్మలకి చేరాలిగా. మా ఇంట్లోనూ వేయించాం ఆ పూట."

"అదే చెప్తున్నా. ముగ్గుర్నీ కాల్చాక మీవాడు కడాయిని కూడా కాల్చాడు. మూడు చిల్లులు. పక్కపక్కనే, ఒకే చోట. మనుషులమీద కోపం వచ్చినవాడు కడాయిని ఎందుకు కాలుస్తాడు?"

"గురి తప్పుంటుంది."

"రెజిమెంటులో మొదటి గురికాడు ఎర్మెక్. నేర్పింది మీరేనట."

"అయితే ఏమంటావు? కడాయిని కాలిస్తే ఉగ్రవాదమా? రేపు మా ఆవిడ పెనం మాడిస్తే దాన్ని కూడా పట్టుకుపోతావా?"

"వినండి. కొందరున్నారు పెద్దాయనా. ఫోన్లలో పాఠాలు చెబుతారు. చచ్చినవాళ్ళ కోసం బోర్సోకులు వేయించడం పాపం. గుడారం వెయ్యడం పాపం. శవం దగ్గర గొంతెత్తి ఏడవడం మహాపాపం. ఇవి చేసేవాడు మతం తప్పినవాడు, మతం తప్పినవాణ్ణి చంపొచ్చు. ఇదీ పాఠం."

"నమాజు చేసేవాళ్ళందర్నీ ఒకే గాటన కట్టెయ్యకు. నేను అయిదు పూటలా చేస్తాను."

"నేనూ చేస్తాను. మా అమ్మ చేస్తుంది, గురువారం బోర్సోకులూ వేస్తుంది. నమాజు మాట కాదు నేననేది."

"మావాడు అట్లాంటివాడైతే మీ కళ్ళకి కనపడేవాడు కాదా? అంతమంది గూఢచారులున్నారు మీకు!"

"నన్నే ఎత్తిపొడవాలి మీరు. ఆ చౌకీకి వెళ్ళి పాఠం చెప్పింది నేనే. గడ్డం పెంచేవాణ్ణి కనిపెట్టండి, పైజామా పొట్టి చేసినవాణ్ణి కనిపెట్టండి, తాగుడు ఉన్నట్టుండి మానేసినవాణ్ణి కనిపెట్టండి అని. మీవాడు ముందు వరసలో కూర్చున్నాడు. నున్నగా గీసుకున్నాడు. నా జోకులకి అందరికంటే గట్టిగా నవ్వాడు. సాయంత్రం నాతో గ్లాసు కలిపాడు."

"అదీ! చూశావా మరి!"

"గ్లాసు కలిపాడు. తాగాడో లేదో చూళ్ళేదు నేను. నా పాఠం అయ్యాక కల్నల్ ఇద్దరు కుర్రాళ్ళని చౌకీనుంచి తీసేశాడు, గడ్డాలున్నాయని. ఏ పాపం ఎరగని పిల్లలు. వాళ్ళు పోయారు, మీవాడు మిగిలాడు. రాత్రుళ్ళు నిద్ర పట్టట్లేదు నాకు."

"నీ నిద్ర కోసం నా కొడుక్కి పేరు పెడతావా?"

"లేదు. ఒక్క సంగతి అడుగుతాను. దీంతో నాకు తేలిపోతుంది. మీ అమ్మగారు పోయినప్పుడు ఎర్మెక్ ఏడ్చాడా?"

"ఏడవకేం?"

"ఇంట్లో కాదు. గుడారం బయట. కర్ర పట్టుకుని, అందరితో పాటు నిలబడి, గొంతెత్తి."

"నిలబడలేదు."

"ఎందుకు?"

"గొంతు వాచింది వాడికి."

"గొంతు వాచిందా?"

"కొండమీద చలి నీకు తెలీదు. ఇంతలావు వాచింది. నీళ్ళు కూడా దిగలేదు. మెడకి మా అమ్మ శాలువా చుట్టి నేనే లోపల పడుకోబెట్టాను. వచ్చినవాళ్ళందరికీ చెప్పాను. ఊరంతటికీ తెలుసు."

"గొంతు లేకపోయినా మనవడు కర్ర పట్టుకుని నిలబడతాడు పెద్దాయనా. మా తాత పోయినప్పుడు నాకు కాలు విరిగుంటే మంచంతో సహా మోసుకొచ్చి గుడారం ముందు పెట్టారు."

"జ్వరం కూడా ఉందయ్యా వాడికి!"

"నిజంగా వాచిందా?"

"గొంతులోకి టార్చిలైటు వేసి చూసింది నేను. నువ్వా? కన్నతండ్రిని, నాకు తెలీదా?"

"సరే."

"సరే అంటే?"

"నమ్ముతున్నాను. నమ్మాలని ఉంది. ఇంకో తల్లికి బిడ్డ సమాధి ఎక్కడుందో చెప్పకుండా తిప్పి పంపే ఓపిక లేదు నాకు. మీరన్నట్టే రాస్తాను. సంజార్ నాయకుడు, మిగతా ఇద్దరు తోడు, కొట్టేవాళ్ళు. భరించలేక తిరగబడ్డాడు. సైనిక నేరం. రేపటికి శవం వస్తుంది మీకు."

"రేపు వస్తుందా?"

"కల్నల్ చిందులేస్తాడు, వెయ్యనీండి. మీరు మాత్రం ఈ రికార్డరు ముందు ఒకసారి చెప్పాలి. పేరుతో సహా. వీపు సంగతి కూడా."

"చెబితే... ఆ కుర్రాడికేమవుతుంది?"

"ఏ కుర్రాడికి?"

"సంజార్‌కి."

"చచ్చినవాడికి ఏమవుతుంది? పతకం ఆగిపోతుంది. రేపు సైన్యం తరఫున వందనం ఉండాలి, అది ఉండదు. పేపర్లో వస్తుంది, తోటివాణ్ణి హింసించి చావు కొనితెచ్చుకున్నాడని."

"ఇంట్లో ఎవరున్నారు వాడికి?"

"తల్లి ఒక్కతే. తండ్రి ఎప్పుడో పోయాడు... ఆలోచించుకోండి పెద్దాయనా."

"ఆలోచించడానికేముంది? మా ఆవిడ గుల్సున్ ఆ గుడారంలో గోడవైపు ముఖం పెట్టి కూర్చుంది. ముందు వాడి కోటు పరుచుకుంది, శవం బదులు. తిండి లేదు, మాట లేదు. బిడ్డమీద పిడికెడు మట్టి వేస్తేగానీ ఇటు తిరగనంటోంది. నేనేం ఆలోచించాలి? పెట్టు. నీ రికార్డరు పెట్టు."

"పెట్టాను. మీ పేరు చెప్పి మొదలెట్టండి."

"నా పేరు తోప్చుబాయ్. సైన్యంలో సుబేదారుగా చేశాను. నా కొడుకు ఎర్మెక్‌ని చౌకీలో..."

"ఆగండి. ఎవరో వస్తున్నారు. మీ తమ్ముళ్ళు ఏడుపు మొదలెట్టారు."

"ఎవర్రా అది? ఆపండిరా! ఆపండి! ఎవరమ్మా నువ్వు?"

"సలాం అన్నా. తోప్చుబాయ్ గారిల్లు ఇదేనా?"

"ఇదే. నేనే. రా తల్లీ. ఏ ఊరు మీది?"

"కొండకవతల. గొర్రెల లారీ ఎక్కి వచ్చాను. నా పేరు సల్కిన్. సంజార్ వాళ్ళమ్మని."

"అమ్మా, నేను మేజర్ కుబాత్‌ని. కేసు నేనే చూస్తున్నాను. మీరిక్కడికి రాకూడదు. నడవండి, నా కారులో దింపిస్తాను."

"ఎందుకు రాకూడదు బాబూ? పోట్లాటకి రాలేదు నేను. ఈయన కొడుకు నా కొడుకుని చంపాడు. ఆ సంగతి తెలిసే వచ్చాను. ఒక మాట అడిగి వెళ్ళిపోతాను."

"కూర్చో తల్లీ. ముందు టీ..."

"వద్దన్నా. నేను విన్నది నిజమైతే మీ టీ తాగే ముఖం నాకు లేదు. అబద్ధమైతే నాకు పోసే ముఖం మీకుండదు."

"ఏం విన్నావు?"

"చచ్చిన ముగ్గురూ, నా కొడుకుతో సహా, మీ కొడుకుని కొట్టేవాళ్ళట కదా. వీపు కమిలిపోయేట్టు కొట్టేవాళ్ళట. అది పడలేకే చంపాడట. మీరే బజార్లో అన్నారట."

"ఎవరు చెప్పారు నీకు?"

"గొర్రెలు కొనడానికొచ్చినవాళ్ళు చెప్పారు. మీరు పొద్దున అన్నారు, సాయంత్రానికి మా ఊరు చేరింది. అన్నారా, లేదా?"

"అమ్మా, ఆయన కొడుకు పోయిన బాధలో..."

"నువ్వాగు బాబూ. నేను అన్నని అడుగుతున్నాను. అన్నా, మా వాకిట్లోనూ గుడారం వేశారు. నా బిడ్డ లోపలున్నాడు. వందనానికి సైన్యం వస్తుంది, అప్పటిదాకా పాతిపెట్టొద్దన్నారు. శవాన్ని మా ఆడపడుచుకి అప్పజెప్పి వచ్చాను."

"అంత దూరం..."

"ఏం చెయ్యను? నేను పాడాలి కదా. తల్లే ముందు ఎత్తుకోవాలి. బిడ్డ ఎట్లాంటివాడో, ఏమేం చేశాడో పేరు పేరునా చెప్పి పాడాలి. కూర్చున్నాను. జుట్టు విప్పుకున్నాను. 'చెయ్యి చల్లని నా బిడ్డా' అని ఎత్తుకోబోయాను. పక్కనెవరో గొణిగింది, ఆ చేత్తోనే కొట్టాడంటగా అని. అంతే. మాట రాలేదు. చచ్చినవాడి తల దగ్గర అబద్ధం పాడకూడదు కదా. నిన్నట్నుంచీ మా గుడారం మూగగా ఉందన్నా. నా బిడ్డ పాట లేకుండా పడున్నాడు. ఏమని పాడమంటావన్నా? చెప్పన్నా. ఏమని పాడమంటావు?"

"అమ్మా సల్కిన్ గారూ, నేనడుగుతాను, చెప్పండి. సంజార్ ఎప్పుడైనా ఎర్మెక్ పేరెత్తాడా మీ దగ్గర?"

"ఎత్తకేం? ఎప్పుడు ఫోన్ చేసినా ఎర్మెక్ అన్న, ఎర్మెక్ అన్న. తుపాకీ ఎట్లా పట్టుకోవాలో నేర్పించాడమ్మా అనేవాడు. ఒకటే బాధ వాడికి. గురువారం బోర్సోకులు వేస్తే అందరూ తింటారు, అన్న మాత్రం ముట్టుకోడు, లేచి అవతలికి పోతాడు అనేవాడు."

"లేచి పోతాడని ఆ మాటే అన్నాడా?"

"అన్నాడు. కడుపులో పుండుందేమోరా, నూనె పడదేమో అన్నాను నేను. ఇంట్లో కాచిన నెయ్యి పంపించాను, ఈసారి దాంతో వెయ్యరా, అన్న కూడా తింటాడు అని. ఆ రోజు నెయ్యితోనే వేస్తున్నాడు బాబూ. వాళ్ళ నాన్న ఆత్మ కోసం. ఈయన కొడుకు కడుపు కోసం."

"వంటపాకంతా నెయ్యి వాసనే. ఎక్కడిదా అనుకున్నాను."

"నేను పంపిందే... అన్నా, మాట్లాడవేం? వాడు పిల్లాడు. మనం చూడనప్పుడు ఎట్లా ఉంటారో ఎవరికి తెలుసు? నిజంగా కొట్టుంటే చెప్పు. మీ గుడారంలోకి పోయి వాళ్ళమ్మ ముందు మోకాళ్ళమీద కూర్చుని, నా బిడ్డ తరఫున తప్పైందని చెబుతాను. చెప్పి వెళ్ళి, పాట లేకుండానే పాతిపెట్టుకుంటాను."

"వద్దు!"

"ఏంటన్నా?"

"ఆ గుడారంలోకి వెళ్ళకు. నువ్వు వెళ్ళకు తల్లీ. నువ్వు మోకాళ్ళమీద కూర్చోవడమేంటి? అది... మేజర్."

"చెప్పండి పెద్దాయనా."

"ఆ పెట్టె తిరుగుతోందా?"

"ఈవిడ రాగానే ఆపేశాను."

"పెట్టు."

"రేపు మాట్లాడదాం. ముందు ఈవిణ్ణి దింపి వస్తాను."

"పెట్టమన్నానా!"

"ఒకసారి చెబితే మళ్ళీ మార్చడం నా వల్ల కాదు. లోపల మీ ఆవిడున్నారు, గుర్తుంచుకోండి."

"గుడారం గోడ ఉన్నిదేగా. పొద్దుట్నుంచీ గుల్సున్ అంతా వింటోంది. నేను సంజార్ పేరు చెప్పినప్పుడు లోపల దగ్గింది. నువ్వు వినలేదు. నేను విన్నాను. పెట్టు."

"పెట్టాను."

"సల్కిన్ తల్లీ, నీ కొడుకు పేరు నాకెట్లా తెలుసో చెప్పనా? ఆ చౌకీనుంచి మావాడు చెప్పిన పేరు అదొక్కటే. సంజార్ అని ఒక కుర్రాడున్నాడు నాన్నా, చేతిలో రొట్టె ఉంటే సగం విరిచి ఎదుటివాడికి పెట్టందే తినడు అన్నాడు. నాకు ఇంకో పేరు తెలీదు. మేజర్ పేరు అడిగాడు. నోటికి అదే వచ్చింది. నా నోరు పడిపోవాలి, అదే వచ్చింది."

"అన్నా..."

"ఇంటికి పో. చెయ్యి చల్లని బిడ్డా అనే ఎత్తుకో. కొండవతల ఊళ్ళన్నీ లేచి కూర్చునేట్టు పాడు."

"పెద్దాయనా, మరి వీపు?"

"వీపుమీద ఏమీ లేదు. నున్నగా ఉంది నా కొడుకు వీపు. చిన్నప్పుడు నేను రుద్ది స్నానం చేయించిన వీపు. ఎవడూ చెయ్యి వెయ్యలేదు దానిమీద."

"మీరేం చెబుతున్నారో తెలుసా? ఇది విన్నాక నేనేం రాయాల్సొస్తుందో తెలుసా?"

"తెలుసు. ఇందాక నువ్వేగా చెప్పావు, మనసులో ఏముందో దాన్నిబట్టే పేరని. ఒరేయ్ తమ్ముడూ! కర్రలు కింద పెట్టండ్రా. ఇళ్ళకి పోండి. గుడారం విప్పాలి."

"విప్పొద్దు. వదినె లోపలుందిగా అన్నా. ఉండనివ్వు కాసేపు."

"ఎవరి కోసం ఉంచను తల్లీ? ఈ గుడారాన్ని చూసి వాడే ఏమన్నాడో తెలుసా? వాళ్ళ నాయనమ్మ శవాన్ని లోపల పెట్టుకుని అన్నాడు. ఇందులో ఏడ్చేవాళ్ళెవరూ నావాళ్ళు కారు నాన్నా అన్నాడు. నేను నోరు మూశాను వాడిది. పట్టుకుపోతారురా, గడ్డం గీసుకో, గ్లాసు ఎత్తమంటే ఎత్తు, నవ్వమంటే నవ్వు అని నేర్పాను. చెప్పినట్టే చేశాడు. బుద్ధిమంతుడు. నన్ను సంతోషపెట్టాడు, మీ కళ్ళన్నీ కప్పాడు."

"పెద్దాయనా, చాలు. ఆపేస్తాను."

"ఆపకు. ఇంకొక్కటుంది. అది లేకపోతే మీ కల్నల్ కూడా నమ్మడు. రాసుకో మేజర్. మా అమ్మ చచ్చిన రోజు నా కొడుక్కి గొంతు వాచలేదు."